లాల్‌దర్వాజా ఇళ్లలో పాత కంప్యూటర్లు: ఉన్న డబ్బు ఎక్కడ పెట్టాలి?

హైదరాబాద్ పాతబస్తీలో లాల్‌దర్వాజా, గౌలిపురా, నాగులచింత గల్లీల్లో మధ్యతరగతి ఇళ్లలోకి వెళ్తే టీవీ పక్కనో, కిటికీ కింద బల్ల మీదో ఇప్పటికీ ఒక డెస్క్‌టాప్ కనిపిస్తుంది. ఎక్కువ భాగం 2012–14 ప్రాంతంలో కొన్నవి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే అందరూ సీటీసీ అనే చోటికి పోయి, విడిభాగాలు ఏరి బిగించి తెచ్చుకున్న అసెంబుల్డ్ సిస్టమ్‌లు. లోపల ఇంటెల్ హెచ్61 చిప్‌సెట్ మదర్‌బోర్డు, రెండో తరమో మూడో తరమో కోర్ ఐ3, లేకపోతే పెంటియం, 2 లేదా 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. అప్పుడు పెద్దబ్బాయి ఇంజినీరింగ్ కోసం కొన్నది ఇప్పుడు చిన్నమ్మాయి డిగ్రీకి, డిగ్రీ సీట్ల కోసం పెట్టే దోస్త్ అప్లికేషన్లకు, ఈపాస్ స్కాలర్‌షిప్ ఫారాలకు, నాన్న దుకాణం లెక్కలకు పనిచేస్తోంది. పనిచేస్తోంది అనడమే గానీ, స్విచ్ వేశాక తెర కుదురుకునేసరికి ఇంట్లో వాళ్లకు ఓపిక పోతోంది.

ఏం చేయాలని ఎవరిని అడిగినా మూడు జవాబులు వస్తాయి. ‘ఫార్మాట్ కొట్టాలె.’ ‘ర్యామ్ పెంచాలె.’ ‘ఇగ దీన్ని కబాడీకి ఏసి కొత్తది తీస్కో అన్నా.’ మూడింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ ఏ మిషన్‌కు ఏ జబ్బో చూడకుండా ముందే మందు చెప్పేస్తే రెండు మూడు వేలతో తీరే పనికి ముప్పై వేలు పోతాయి. లేదా వెయ్యి రూపాయల ర్యామ్ వేయించి, ఏ మార్పూ కనపడక, ‘పాతది పాతదే’ అని వదిలేస్తారు. పిల్లల చదువు ఆ బల్ల మీద ఆధారపడి ఉన్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. ఫోన్‌లో వీడియో పాఠం వినొచ్చు. ముప్పై పేజీల ప్రాజెక్టు రిపోర్టు, కోడ్, ఎక్సెల్ షీట్ ఫోన్‌లో నేర్చుకోవడం కుదరదు.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఈ తరం ఇంటి కంప్యూటర్లలో ఆలస్యమంతా దాదాపుగా హార్డ్‌డిస్క్ దగ్గరే పుడుతుంది. డబ్బు మొదట అక్కడ పెట్టాలి. మిగతావన్నీ తర్వాత, అదీ అవసరమైతేనే.

దీన్ని నా మాట మీద నమ్మనక్కర్లేదు, ఇంట్లోనే చూసుకోవచ్చు. విండోస్ 10 ఉన్న మిషన్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. సిస్టమ్ ఆన్ అయిన వెంటనే, ఇంకా గిలగిలా కొట్టుకుంటున్నప్పుడే దాన్ని తెరిచి పెట్టండి. ప్రాసెసర్, మెమరీ, డిస్క్ అని వరసగా నిలువు గడులు ఉంటాయి. మనం మాట్లాడుకుంటున్న మిషన్లలో చాలా వాటిలో ప్రాసెసర్ గడి ఇరవై, ముప్పై శాతం దగ్గర ఆడుతూ ఉంటుంది. డిస్క్ గడి మాత్రం ఎర్రబారి 100 శాతం దగ్గర నిమిషాల తరబడి అతుక్కుపోయి ఉంటుంది. ఆ గడి కింది వరుసల్లో వేగం చూస్తే సెకనుకు ఒకటి రెండు ఎంబీలే. నూరు శాతం పనిలో ఉండి ఒకటి రెండు ఎంబీలేనా అని ఆశ్చర్యం వేస్తుంది. అసలు సంగతంతా అక్కడే ఉంది.

హార్డ్‌డిస్క్ లోపల పళ్లెం నిమిషానికి 7,200 చుట్లు, అంటే సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు చదివే తల కిందికి రావడానికి సగటున సగం చుట్టు, అంటే 4 మిల్లీసెకన్ల పైచిలుకు. అంతకుముందు ఆ తల ఆ వలయం మీదికి జరగడానికి మరో 8, 9. మొత్తం మీద ఒక్కో చోటుకు 12, 13 మిల్లీసెకన్లు. సెకనుకు 80 చోట్లకు మించి వెళ్లలేదు. ఒకే పెద్ద సినిమా ఫైలును వరసగా చదవమంటే సెకనుకు 100 ఎంబీ దాకా తెస్తుంది. కానీ విండోస్ మొదలయ్యేటప్పుడు అడిగేది ఒక పెద్ద ఫైలు కాదు, అక్కడొకటి ఇక్కడొకటి పడి ఉన్న వేలాది చిన్న ముక్కలు. ఒక్కొక్క సరుకు కోసం మేడ మీది గోదాముకు ఎక్కి దిగే కుర్రాడిలా ఆ తల పరుగులు పెడుతుంటే, ప్రాసెసర్ గల్లా దగ్గర ఖాళీగా కూర్చుని ఉంటుంది. హార్డ్‌డిస్క్ స్థానంలో వేసుకునే ఎస్ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు, జరిగే తల లేదు. ఒక్కో చోటు నుంచి తేవడానికి మిల్లీసెకనులో పదో వంతు చాలు.

ఈ లోటు నిన్నా మొన్నటిది కాదు. ఐబీఎం 1956లో తెచ్చిన మొదటి హార్డ్‌డిస్క్ రామాక్ 350లో రెండడుగుల వెడల్పు పళ్లేలు 50 ఉండేవి. 50 లక్షల అక్షరాలు పట్టేది. ఒక చోటు వెతకడానికి దానికి 600 మిల్లీసెకన్లు పట్టేది. అప్పటి నుంచి డిస్క్‌లో పట్టే సమాచారం లక్షల రెట్లు పెరిగింది. వెతికే వేగం మాత్రం వంద రెట్లు కూడా పెరగలేదు. అంత నింపుకున్న పెట్టెకు తలుపు అంతే ఇరుకుగా మిగిలింది.

మరి కొన్న కొత్తలో ఇదే కంప్యూటర్ బాగానే నడిచింది కదా అనేది న్యాయమైన ప్రశ్న. మిషన్ మారలేదు, దాని మీద పడే బరువు మారింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి కనీసం 64 ఎంబీ ర్యామ్ చాలన్నారు. 2021లో వచ్చిన విండోస్ 11కు కనీసం 4 జీబీ కావాలన్నారు. ఇరవై ఏళ్లలో 64 రెట్లు. వెబ్ పేజీల సంగతీ అంతే. హెచ్‌టీటీపీ ఆర్కైవ్ లెక్కల ప్రకారం 2010ల మొదట్లో సగటు పేజీ అర ఎంబీ అటూఇటూ ఉండేది, 2024కల్లా రెండున్నర ఎంబీ దాటింది. పాస్కల్ ప్రోగ్రామింగ్ భాషను సృష్టించిన స్విస్ శాస్త్రవేత్త నిక్లాస్ వర్త్ 1995లోనే దీని మీద వ్యాసం రాశాడు. హార్డ్‌వేర్ వేగం పెరిగేదానికన్నా సాఫ్ట్‌వేర్ బరువెక్కేది ఎక్కువని ఆయన ఫిర్యాదు. దాన్నే ఇప్పుడు వర్త్ సూత్రం అంటారు. దానికి తోడు 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలు బయటపడ్డాయి. వాటికి వేసిన అతుకుల వల్ల 2015కు ముందరి ప్రాసెసర్ల మీద వేగం తగ్గడం తెలిసేలా ఉంటుందని మైక్రోసాఫ్టే చెప్పింది. ‘మన సిస్టమ్ ముసలిదైంది’ అనుకునే ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు.

అందుకే మొదటి ఖర్చు ఎస్ఎస్‌డీ. ఇంటి వాడకానికి 240 లేదా 256 జీబీ చాలు. విండోస్, ప్రోగ్రాములు దాని మీద ఉంటే సరి, పెళ్లి వీడియోలు, ఫోటోలు పాత డిస్క్ మీదే ఉండొచ్చు. ఇక్కడ కొనేవాళ్లను తికమక పెట్టే మాటలు రెండు మూడు ఉన్నాయి.

ఒకటి, ‘మీది పాత బోర్డు, ఎస్ఎస్‌డీ వేసినా దండగ.’ హెచ్61 బోర్డులో డిస్క్‌ను తగిలించేవి సాటా రెండో తరం పోర్టులు, వాటి హద్దు సెకనుకు 300 ఎంబీ. ఎస్ఎస్‌డీ పెట్టె మీద 550 అని రాసి ఉంటుంది. కాబట్టి సగం వేగం వృథా అని వాదన. వరసగా చదివే వేగం మాత్రమే సగమవుతుంది. మనకు కావలసింది చిన్న ముక్కలు వెతికే వేగం. దానికి 300 ఎంబీల దారి ఎక్కువే. పాత బోర్డు మీద కూడా స్విచ్ వేసిన అర నిమిషానికల్లా పని మొదలుపెట్టే స్థితికి రావడం మామూలే. రెండోది, ఆకారం. రెండున్నర అంగుళాల సాటా రకమే అడగాలి. చూయింగ్ గమ్ పట్టీలా ఉండే ఎన్‌వీఎంఈ రకం ఈ బోర్డుల్లో నేరుగా పట్టదు. కార్డు పెట్టి పట్టించినా దాని మీద నుంచి సాధారణంగా విండోస్ మొదలవదు. మూడోది, మోసం. నమ్మలేనంత తక్కువ ధరకు రెండు టీబీ, నాలుగు టీబీ అని ఊరూ పేరూ లేని పెట్టె కనిపిస్తే దూరంగా ఉండాలి. లోపల చిన్న చిప్ పెట్టి పెద్ద సైజు చూపించేలా చేసిన సరుకు ఉంది. హద్దు దాటి రాసిన ప్రతి ఫైలూ మాయమవుతుంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం డిస్క్ మొత్తం రాసి చదివి ఈ దొంగతనాన్ని బయటపెడుతుంది.

ధర మాట. 2023–24లో 256 జీబీ రకం పదిహేను వందల అటూఇటూ దొరికేది. 2025 చివర ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ చిప్‌ల ధరలు ప్రపంచమంతటా ఎగబాకాయి. క్రూషియల్ పేరుతో మామూలు జనానికి ర్యామ్, ఎస్ఎస్‌డీలు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. ఎక్కడో కట్టే సర్వర్ గదుల భారం లాల్‌దర్వాజా దాకా వచ్చిందన్నమాట. అందుకే ‘ఎలాగూ కొంటున్నాం కదా, పెద్దదే కొందాం’ అనే ఆలోచన ఇప్పుడు పనికిరాదు. చిన్నది కొనండి.

బిగించే ముందు ఒక పని తప్పనిసరి. పాత డిస్క్ ఆరోగ్యం చూడాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం డిస్క్ తన గురించి తాను రాసుకున్న చిట్టాను చదివి చూపిస్తుంది. చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్లు, చదవలేక ఆగిపోయి తేలకుండా ఉన్న సెక్టార్లు అనే రెండు వరుసల్లో సున్నా కాకుండా వేరే అంకె ఉంటే ఆ డిస్క్ ప్రయాణం చివరికొచ్చిందనే లెక్క. ఇలాంటి డిస్క్ ఉన్న కంప్యూటర్ నెమ్మదించడానికి వైరస్ కారణమని ఫార్మాట్ కొట్టడం కన్నా ప్రమాదకరమైన పని లేదు. ముందు ఫోటోలు, సర్టిఫికెట్లు, లెక్కల ఫైళ్లు వేరే చోటికి ఎక్కించి తీరాలి.

పాత డిస్క్‌ను ఉన్నది ఉన్నట్టు ఎస్ఎస్‌డీ మీదికి దింపడమా, కొత్తగా విండోస్ వేయడమా అన్నదాని మీద రిపేరు షాపుల్లో రెండు వర్గాలున్నాయి. దింపడానికి క్లోన్‌జిల్లా లాంటి ఉచిత పరికరాలున్నాయి, ప్రోగ్రాములన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. నేను మాత్రం ఇంటి కంప్యూటర్‌కు కొత్తగా వేయడం వైపే. పదేళ్ల చెత్తను కొత్త ఇంట్లోకి మోసుకుపోవడం ఎందుకు? అయితే కొత్తగా వేసేముందు, సిస్టమ్ మొదలయ్యేటప్పుడే తెరిచే బయాస్ సెట్టింగ్‌లలో సాటా పద్ధతి ఐడీఈ అని ఉంటే ఏహెచ్‌సీఐకి మార్చాలి. ఆ కాలపు బోర్డుల్లో చాలా వాటిని ఐడీఈలోనే వదిలేసి ఇచ్చారు. విండోస్ వేసేశాక మారిస్తే నీలి తెర వచ్చి ఆగిపోతుంది. ల్యాప్‌టాప్ అయితే ఇంకో సుఖం ఉంది. పనిలేని డీవీడీ డ్రైవ్ తీసి, ఆ ఖాళీలో క్యాడీ అనే చట్రం పెట్టి పాత హార్డ్‌డిస్క్‌ను అందులోకి మార్చొచ్చు. ఎస్ఎస్‌డీ అసలు చోట్లో కూర్చుంటుంది. క్యాడీ మందం 9.5 మిల్లీమీటర్లా, 12.7 మిల్లీమీటర్లా అన్నది డీవీడీ డ్రైవ్‌ను కొలిచి తీసుకోవాలి.

ర్యామ్ మాటకొస్తే, నాకు దాని మీద కోపం లేదు. దాని వంతు రెండోది, అంతే. 2 జీబీ ఉన్న మిషన్‌కు ఎస్ఎస్‌డీతో పాటే ర్యామ్ కూడా వేయాలి, అక్కడ చర్చ లేదు. 4 జీబీ ఉండి, వర్డ్, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు వాడే ఇంటికి ఎస్ఎస్‌డీ ఒక్కటి వేసి నెల చూడొచ్చు. ర్యామ్ నిండినప్పుడు విండోస్ పాత పేజీలను డిస్క్ మీదికి తోస్తుంది. హార్డ్‌డిస్క్ ఉన్నప్పుడు నరకంలా అనిపించే ఆ తోపిడి ఎస్ఎస్‌డీ మీద భరించగలిగేలా మారుతుంది.

ర్యామ్ మొదటి స్థానానికి వచ్చే ఇళ్లూ లాల్‌దర్వాజాలో ఉన్నాయి. ఆషాఢం వచ్చిందంటే సింహవాహిని మహంకాళి అమ్మవారి బోనాలకు గల్లీ గల్లీకి ఫ్లెక్సీలు లేస్తాయి. వాటిని డిజైన్ చేసే కుర్రాళ్లలో చాలామంది ఇంట్లోనే, ఇలాంటి పాత కంప్యూటర్ మీదే పనిచేస్తారు. లెక్క వేసి చూడండి. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఫ్లెక్సీని అంగుళానికి 100 చుక్కల లెక్కన ఫొటోషాప్‌లో తెరిస్తే వెడల్పు 12,000 చుక్కలు, ఎత్తు 9,600 చుక్కలు. మొత్తం 11 కోట్ల 52 లక్షలు. ప్రింటింగ్ రంగులు నాలుగు కాబట్టి చుక్కకు 4 బైట్లు. ఒక్క నిండు పొరకే 460 ఎంబీ. వెనక గోపురం, ముందు అమ్మవారు, పక్కన పోతరాజు, పైన పెద్దల ఫోటోలు, కింద వరసగా బస్తీ యువకుల ముఖాలు. పొరలు నాలుగు నిండేసరికి 2 జీబీ దగ్గరికి వస్తుంది. ‘అన్‌డూ’ కోసం దాచుకునేది అదనం. 4 జీబీ మిషన్ అక్కడ కూలబడుతుంది. దానికి 8 జీబీ కనీసం, 16 అయితే హాయి. హెచ్61 బోర్డు హద్దు కూడా 16 జీబీయే, అదీ రెండే స్లాట్లలో. కాబట్టి 2 జీబీ ముక్కలు రెండు ఇప్పటికే ఉంటే వాటిని తీసి పక్కన పెట్టాల్సిందే.

ఇంకోటి. చాలా పాత మిషన్లలో విండోస్ 32 బిట్ రకం వేసి ఉంటుంది. ఇంటి వాడకపు 32 బిట్ విండోస్ 4 జీబీకి మించి చూడలేదు, అందులోనూ కొంత గ్రాఫిక్స్‌కు పోగా మూడు జీబీ చిల్లరే మిగులుతుంది. ర్యామ్ పెంచి, 64 బిట్‌కు మారకపోతే పెట్టిన డబ్బు కనపడదు. ‘ర్యామ్ ఏసిన, ఏం ఫరక్ పడలే’ అనే ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఉన్నది ఇదే.

ఈ తరానికి కావలసిన డీడీఆర్3 ర్యామ్‌ను కొత్తగా వెతకడం కన్నా పాతది కొనడమే మేలు. సీటీసీలో పాత విడిభాగాలు అమ్మే దుకాణాలున్నాయి. ఆదివారం ఎర్రగడ్డ సంత, గురువారం పురానాపూల్ దగ్గరి జుమేరాత్ బజార్ ఉన్నాయి. ర్యామ్‌లో తిరిగే భాగాలు లేవు కాబట్టి పాతదైనా సాధారణంగా ఏళ్ల తరబడి నడుస్తుంది. హార్డ్‌డిస్క్‌ను, పవర్ సప్లైను మాత్రం సంతలో కొనకండి. చేతిలో పట్టుకుని చూడాల్సింది ర్యామ్ మీది చీటీ. పీసీ3 అని ఉంటే ఒకటిన్నర వోల్టులది. పీసీ3ఎల్ అని ఉంటే 1.35 వోల్టులతో కూడా నడిచేది. డెస్క్‌టాప్ హెచ్61కు ఒకటిన్నర వోల్టులదే సరి. 2013 నుంచి వచ్చిన నాలుగో తరం ల్యాప్‌టాప్‌లు చాలా వరకు ఎల్ అక్షరం ఉన్నదాన్నే ఒప్పుకుంటాయి. ఆ ఒక్క అక్షరం చూడకుండా తెచ్చుకుంటే తెర నల్లగా ఉండిపోతుంది. ఏఎండీ బోర్డులకు మాత్రమే పనికొచ్చే 4, 8 జీబీ డీడీఆర్3 ముక్కలు కూడా చవగ్గా తిరుగుతున్నాయి. ఇంటెల్ బోర్డులో అవి లేవవు. అందుకే వీలైతే సీపీయూ డబ్బానే ఆటోలో పెట్టుకుని వెళ్లి, బిగించి చూపించమని అడగడం మంచిది.

డబ్బు దాదాపుగా అక్కర్లేని పనుల్లో ఎక్కువ ఫలితం ఇచ్చేది దుమ్ము దులపడం. పదేళ్లుగా తెరవని డబ్బా పక్క రేకు తీస్తే ప్రాసెసర్ మీది ఫ్యాన్ రెక్కలకు దుమ్ము జిడ్డుతో కలిసి గట్టిపడి ఉంటుంది. అది అందరికీ కనిపిస్తుంది, బ్రష్‌తో తుడుస్తారు. కనపడనిది ఫ్యాన్ కింద ఉంటుంది. నాలుగు మూలల పిన్నులు తిప్పి ఎత్తితే ఫ్యాన్, దాని కిందున్న అల్యూమినియం రేకులు కలిసే పైకి వస్తాయి, ఆ రేకుల మధ్య దూది పరిచినట్టు ఒక దుమ్ము పొర అడ్డంగా పేరుకుని ఉంటుంది. గాలి వెళ్లే దారే మూసుకుపోయి ఉంటుంది. ఇంకా కిందకు, ప్రాసెసర్ మీద పూసిన పేస్టు ఎండి సున్నంలా రాలుతుంది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో, గాలి ఆడని గదిలో ఆ ప్రాసెసర్ కాలిపోకుండా తనను తానే కాపాడుకుంటుంది, అంటే వేగం తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం నెమ్మదిగా, పొద్దున చురుగ్గా నడిచే కంప్యూటర్ ఉందంటే ముందు ఇక్కడే చూడాలి. కొత్త థర్మల్ పేస్టు చిన్న గొట్టం వంద, రెండు వందల రూపాయల్లో వస్తుంది. పప్పుగింజంత చాలు. పనిలో పనిగా బోర్డు మీది సీఆర్2032 నాణెం బ్యాటరీ కూడా మార్చేయాలి. అది అయిపోతే ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పైతే బ్యాంకు సైట్లు, ప్రభుత్వ సైట్లు భద్రత లేదంటూ తెరుచుకోవు. దాన్ని కూడా ‘నెట్ స్లో’ ఖాతాలో వేసుకుంటున్న ఇళ్లున్నాయి.

అలాంటి రెండో పని, సిస్టమ్ మొదలవగానే తమంతట తాము లేచే ప్రోగ్రాములను ఆపడం. టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ పేజీ ఉంది. ప్రింటర్ కంపెనీ సహాయకుడు, ఫోన్ మేనేజర్, ఎప్పుడో ఒక్కసారి వాడిన మీటింగ్ యాప్, ఏదీ అక్కడ ఉండనక్కర్లేదు. రెండు యాంటీవైరస్‌లు ఒకే మిషన్‌లో ఉంటే ఒకటి తీసేయాలి. విండోస్ 8 నుంచి డిఫెండర్ దానిలోనే వస్తోంది, ఇంటికి అది చాలు. బ్రౌజర్‌లో ప్రకటనలు అడ్డుకునే యుబ్లాక్ ఆరిజిన్‌ను ఫైర్‌ఫాక్స్‌లో వేస్తే తెలుగు వార్తల సైట్లు తెరుచుకునే తీరులో తేడా అక్కడికక్కడే కనిపిస్తుంది.

ఇక ‘ఒక్క క్లిక్‌తో మీ పీసీ వేగం’ అనే ప్రోగ్రాముల గురించి కఠినంగానే చెప్పాలి. వద్దు. రిజిస్ట్రీ శుభ్రం చేసే వాటిని తాను సమర్థించనని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. 2017లో సీక్లీనర్ లాంటి పేరున్న ప్రోగ్రాంలోనే, 5.33 వెర్షన్‌లో దొంగ కోడ్ దూరి, 20 లక్షలకు పైగా కంప్యూటర్లకు చేరింది. పెన్‌డ్రైవ్‌ను హార్డ్‌డిస్క్‌కు క్యాష్‌లా వాడే రెడీబూస్ట్, 2007 నాటి విస్టాతో వచ్చిన ఉపాయం, 512 ఎంబీ మిషన్లకు కొంత పనికొచ్చింది, ఇప్పుడు పనిలేదు. డీఫ్రాగ్ హార్డ్‌డిస్క్‌కు మంచిదే, ఎస్ఎస్‌డీకి అవసరం లేదు. ఫార్మాట్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అది చెత్తను తీస్తుంది, పళ్లెం తిరిగే వేగాన్ని పెంచదు. కొన్ని నెలలు హాయి, ఆ తర్వాత షాపుకు మళ్లీ అదే ఫీజు.

ప్రాసెసర్ మార్చడం గురించి ఒక్క మాట. హెచ్61 బోర్డులో ఐ3 తీసి పాత ఐ5–3470 వేస్తే రెండు కోర్ల చోట నాలుగు వస్తాయి, సంతలో చవగ్గా దొరుకుతుంది. కొన్ని బోర్డులకు ముందు బయాస్ కొత్తది వేయాలి. వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకే దీని అవసరం.

వేగం గురించి మొదలుపెట్టిన ఎవరైనా ఇప్పుడు తప్పించుకోలేని ప్రశ్న మరొకటి ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లవాళ్లు పేరు నమోదు చేసుకుంటే భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు అందే ఏర్పాటు ఉంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్‌లు బ్యాకప్ చేసుకునేవాళ్లకు దానికి రుసుం కూడా లేదు. విండోస్ 11 కోసం టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. మనం చెప్పుకునే మిషన్లేవీ ఆ గడప దాటవు. షరతులు దాటవేసి విండోస్ 11 వేసే ఉపాయాలున్నాయి, షాపుల్లో వేస్తున్నారు కూడా. అలా వేసిన వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వడం లేదు. ఇంటి బ్యాంకు లావాదేవీలు నడిచే మిషన్‌ను అలాంటి దయ మీద వదలమని నేను చెప్పలేను. ఇంకా విండోస్ 7 మీదే ఉన్నవాళ్ల పరిస్థితి మరీ కష్టం. దాని మద్దతు 2020 జనవరి 14న పోయింది, క్రోమ్ కూడా 2023లో 109వ వెర్షన్ దగ్గర దాన్ని వదిలేసింది.

చదువు, బ్రౌజింగ్, ఉత్తరాలు, లెక్కల వరకే వాడే ఇంటికి నా సిఫారసు లినక్స్ మింట్, అందులో ఎక్స్ఎఫ్‌సీఈ రకం. 4 జీబీలో ఒదుగుతుంది, డబ్బు అడగదు. పెన్‌డ్రైవ్ మీద నుంచి నడిపి చూసి, ప్రింటర్, వైఫై పనిచేస్తున్నాయని తేలాకే డిస్క్ మీద వేయొచ్చు. బ్రౌజర్ ఒక్కటే చాలనుకునేవాళ్లకు గూగుల్ 2022లో విడుదల చేసిన క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ ఉంది. లినక్స్ అంటే మనకు సంబంధం లేని వస్తువు అనుకునేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. హైదరాబాద్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు ‘స్వేచ్ఛ’ పేరుతో మెనూలన్నీ తెలుగులో ఉన్న లినక్స్‌ను రెండు దశాబ్దాల కిందటే తయారు చేశారు. బడి పిల్లల కోసం ‘బాల స్వేచ్ఛ’ తెచ్చారు. పాత, బలహీనమైన కంప్యూటర్ల మీద పిల్లలు నేర్చుకోవాలన్న ఆలోచన ఇక్కడి నేల మీద పుట్టిందే.

అయితే లినక్స్‌కు మారమని చెప్పకూడని ఇళ్లు కూడా ఇక్కడే ఉన్నాయి. ఛత్తాబజార్ పెళ్లికార్డుల ముద్రణాలయాలకు డీటీపీ చేసి ఇచ్చేవాళ్లు పాతబస్తీ అంతటా ఉన్నారు. తెలుగుకు అను స్క్రిప్ట్ మేనేజర్, దానిలో యాపిల్ అనే కీబోర్డు అమరిక, పేజ్‌మేకర్. ఉర్దూకు ఇన్‌పేజ్. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అది యూనికోడ్‌ను ఎరగదు. ఇరవై ఏళ్ల కార్డుల నమూనాలన్నీ ఆ ఫాంట్లలోనే, ఆ ఫైళ్లలోనే ఉన్నాయి. వేళ్లు ఆ కీబోర్డుకే అలవాటు పడ్డాయి. అలాంటివాళ్లకు కొత్త సిస్టమ్ అమ్మజూపడం బతుకుతెరువు మీద దెబ్బ కొట్టడమే. ఆ మిషన్‌లో ఉన్న విండోస్‌ను కదపకుండా, ఉన్నది ఉన్నట్టు ఎస్ఎస్‌డీ మీదికి దింపాలి. ఇంతకుముందు కొత్తగా వేయడమే మేలన్న నా మాట ఇక్కడ చెల్లదు. అది మద్దతు పోయిన విండోస్ కాబట్టి నెట్ కనెక్షన్ తీసేయాలి. కస్టమర్ పంపే ఫోటోలు, వాట్సాప్ పని వేరే ఫోన్ మీదో, మిషన్ మీదో చేసి పెన్‌డ్రైవ్‌లో తేవాలి. పేజ్‌మేకర్‌కు 2 జీబీ ర్యామ్ పుష్కలం. ఎస్ఎస్‌డీ ఒక్కటి వేస్తే ఆ ముచ్చట తీరిపోతుంది.

ఎక్కడ ఆగాలో కూడా తెలియాలి. కోర్ 2 డుయో, డీడీఆర్2 ర్యామ్ ఉన్న మిషన్ మీద వెయ్యి రూపాయలకు మించి పెట్టను. దాని ర్యామ్ దొరకదు, దొరికినా నేటి బ్రౌజర్‌కు ప్రాసెసర్ చాలదు. బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి ఉంటే, వారానికోసారి తనంతట తాను ఆగిపోతుంటే, ఆ బోర్డు మీద ఎస్ఎస్‌డీ కోసం కాకుండా వేరే మిషన్ కోసం డబ్బు దాచుకోవడం మేలు. అప్పుడు కూడా కొత్తదే కొనాలని లేదు. కార్పొరేట్ ఆఫీసులు కొన్నేళ్లు వాడి వదిలేసే డెల్, హెచ్‌పీ, లెనోవో చిన్న డెస్క్‌టాప్‌లు రీఫర్బిష్డ్‌గా హైదరాబాద్‌లో ధారాళంగా దొరుకుతాయి. అడగాల్సింది ఒక్కటే, ప్రాసెసర్ ఎనిమిదో తరమా, ఆపైదా అని. ఎనిమిదో తరమైతే విండోస్ 11కు అర్హత ఉంటుంది. ‘ఐ5’, ‘ఐ7’ అన్న పేరు చూసి మోసపోవద్దు. నాలుగో తరం ఐ7 కన్నా ఎనిమిదో తరం ఐ3 మీకు ఎక్కువ ఏళ్లు పనికొస్తుంది.

మరమ్మతు ఖర్చు మొత్తం అలాంటి రీఫర్బిష్డ్ మిషన్ ధరలో మూడో వంతు దాటితే మరమ్మతు మానుకోవాలని నా లెక్క. హెచ్61 తరం మిషన్‌కు ఎస్ఎస్‌డీ, పాత ర్యామ్ ఒకటి, పేస్టు, బ్యాటరీ కలిపినా అంత దూరం పోదు. అందుకే ఈ తరం డబ్బాలను ఇప్పుడే కబాడీకి వేయవద్దని ఇంతగా చెబుతున్నాను.

ఎంజీబీఎస్ దాకా వెళ్లి మెట్రో ఎక్కితే పరేడ్ గ్రౌండ్‌లో దిగొచ్చు, సీటీసీ అక్కడికి దగ్గరే. బయల్దేరే ముందు బోర్డు మీది పేరు, ర్యామ్ మీది చీటీ, ల్యాప్‌టాప్ అయితే అడుగున ఉన్న మోడల్ నంబర్ ఫోన్‌లో ఫోటో తీసుకోండి. బిల్లు, వారంటీ చీటీ అడిగి తీసుకోండి. పాత హార్డ్‌డిస్క్ పోయిందనుకుని దుకాణంలోనే వదిలేసి రాకండి. దాని మీద ఇంటిల్లిపాది ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలు ఉంటాయి. మామూలుగా డిలీట్ చేసినవి తిరిగి తీయడం ఎవరికైనా సాధ్యమే. నడిచే డిస్క్ అయితే మొత్తం సున్నాలతో రాయించండి. నడవనిదైతే డ్రిల్లింగ్ మిషన్ ఉన్నవాళ్ల చేత పళ్లెం గుండా రెండు రంధ్రాలు వేయించి, ఆ తర్వాతే కబాడీవాడికి ఇవ్వండి.